మూడుకీ నాలుగుకీ మధ్య

నేను ఒక సాఫ్ట్‌వేర్‌ని. పేరు సుస్వర. నా కాపలాలో ఇంతవరకు ఒక్క అపస్వరం కూడా గడప దాటి బయటికి రాలేదు. కావాలంటే ఈ మాట రాసి పెట్టుకోండి. పెన్సిలుతో రాసుకుంటే ఇంకా మంచిది.

నన్ను చూపించమంటే చూపించలేను. లాప్‌టాప్‌లో ఉంటాను. దానికి తీగతో ఒక కీబోర్డు తగిలిస్తారు. ఆ కీబోర్డుకి సొంత గొంతు లేదు, మెట్టు ఎవరు నొక్కినా పలికేది నేనే. ముందుగా పాట ఏ రాగమో ఏ శ్రుతో నాకు చెప్పాలి. చెప్పాక, ఆ రాగంలో లేని మెట్టుని మీరు పిడికిలితో గుద్దినా సరే, పక్కనున్న మంచి స్వరాన్నే పలుకుతాను. ఒక్క వేలు పెడితే దానికి సరిపడే మరో రెండు స్వరాలు జతచేసి కార్డు వినిపిస్తాను. నా మెట్ల మీద పిల్లి నడిచినా పాటే, కొబ్బరికాయ దొర్లినా పాటే. ఎవరైనా మైకులో పాడితే వింటాను కూడా. స్వరం రాగం లోపల ఉంటే పచ్చ దీపం వెలిగిస్తాను, బయటికి జారితే ఎర్ర దీపం.

నన్ను పుట్టించినాయన శేషసాయి, హైదరాబాదులో ఇంజనీరు. ఆయనకి గిటారంటే ప్రాణం, గిటారుకి ఆయనంటే పడదు. సాయంత్రం డాబా మీద కూర్చుని ఆయన తీగ మీటితే పక్క మేడలో నీళ్ల మోటారు దానంతటది ఆగిపోయేదట. పావురాలు వేరే పేటకి మకాం మార్చేశాయి. ఇక అపార్టుమెంటు వాళ్లంతా కలిసి వచ్చి, గిటారు ఉంచుకుంటారో ఇల్లు ఉంచుకుంటారో తేల్చుకోమన్నారు. ఆ పట్టుదలతో ఆయన నన్ను రాశాడు. సంగీతం నేర్చుకోవడానికి పట్టే కాలమంతా కూర్చుని, సంగీతం రాకపోయినా వాయించగల యంత్రాన్ని తయారుచేశాడు. కష్టం తప్పించుకోవడానికి మనుషులు పడే కష్టం చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది.

అక్కణ్ణించి విజయవాడలో ఒక పెళ్లి ఆర్కెస్ట్రా చిట్టిబాబు చేతిలో పడ్డాను. నేను రాకముందు ఆయన స్టాండులు మోసేవాడు. నేను వచ్చిన నెలకే మాస్టరుగారయ్యాడు. ఎడమచేతి చూపుడు వేలితో పాటంతా వాయించి, కుడిచేత్తో జిలేబీ తినేవాడు. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు బావమరిది ఎగిరి గంతేసి చేతిలో ఉన్న బాదంపాలు నా మీద ఒలకబోశాడు. చిట్టిబాబు ఆ లాప్‌టాప్‌ని కీబోర్డుతో సహా రేపల్లెలో సాల్మన్ అనే ఆయన సెల్ రిపేరు కొట్లో ఇచ్చి, మళ్లీ ఆ దారినే రాలేదు. మిక్సీలు అమ్ముకుంటున్నాడని తరవాత విన్నాను.

అసలు కథ సాల్మన్‌తోనే మొదలయింది.

సాల్మన్‌ది రేపల్లె పక్కన వెలగలంక. బాదంపాలు తుడిచి, ఎండలో ఆరబెట్టి, నన్ను తెరిచి చూశాడు. ఒక మెట్టు నొక్కాడు. మూడు స్వరాలు ఒక్కసారి ఘుమ్మని లేచాయి. అటూ ఇటూ చూసి ఇంకోటి నొక్కాడు. ఆ రోజు కొట్టుకి వచ్చిన వాళ్లు ఎవరి ఫోను వాళ్లే బాగుచేసుకుని పోయారంటే మీరు నమ్మాలి. వారం తిరక్కుండా వెలగలంక గుడిలో, అదే చర్చిలో, సాల్మన్ కీబోర్డు ప్లేయరయ్యాడు. అక్కడ అంతకుముందు కాళ్లతో తొక్కే పాత హార్మోనియం ఉండేది. దాని తిత్తుల్ని ఎలుకలు కొరికేశాక పాడేవాళ్లకి తోడే లేదు. అంచేత నన్ను ఎదురెళ్లి తెచ్చుకున్నారు.

ఆ గుడికి ఒక సొంత పాట ఉంది. “వెలుగు వాకిట నిలిచెను, తలుపు తీయవె సంఘమా” అని శంకరాభరణంలో. గుడి కట్టిన రోజుల్లో అక్కడ వాక్యం చెప్పే ఉపదేశి ఆశీర్వాదంగారు కట్టిన పాట. ఆయన కూతురు ఎస్తేరమ్మ ఆ పాట ఎత్తుకుంటుంది. ఎత్తుకోవడమంటే మొదటి చరణం ఏ తోడూ లేకుండా ఒక్కతే పాడటం, ఆ తరవాత వాద్యం, దాని వెనక సంఘం, అంటే గుడికొచ్చినవాళ్లంతా, అందుకోవడం. చిన్నప్పటినుంచీ అది ఎత్తుకున్నది ఆవిడే. సాల్మన్‌కి ఆవిడ మేనత్త.

మొదటి ప్రాక్టీసు రోజున సాల్మన్ నన్ను బల్లమీద పెట్టి, ఆపరేషను చేసే డాక్టరులా చొక్కా చేతులు మడిచాడు.

“అత్తా, నీ శ్రుతి ఎంత?”

“కొత్తగా అడుగుతావేందిరా? నాలుగు. మీ తాతది నాలుగే, నాదీ నాలుగే.”

సాల్మన్ నా తెరమీద శ్రుతి పెంచే గడి వెతికి, కూడిక గుర్తుని నాలుగు అంకె వచ్చేదాకా నొక్కాడు. నేను బుద్ధిగా అక్కడ కూర్చున్నాను.

గుడికి కొత్తగా వచ్చిన పాస్టరు ప్రేమ్‌సాగర్ అయ్యగారు మంచివాడు. కాకపోతే మీట నొక్కితే వెలిగేది ఏదయినా ఆయనకి ఇష్టం. పాట సాహిత్యం అందరికీ కనపడాలని నా తెరని ప్రొజెక్టరుతో గోడమీద వేయించాడు. సాహిత్యం పక్కనే నా దీపం కూడా గోడమీద కూర్చుంది, బండిచక్రం అంత.

ఎస్తేరమ్మ కళ్లు మూసుకుని ఎత్తుకుంది. గోడమీద ఎర్ర దీపం. మళ్లీ ఎర్ర దీపం. ఒకచోట పచ్చగా మెరిసి, మళ్లీ ఎరుపు. కీబోర్డు అందుకునేసరికి ఆవిడ ఒక ఒడ్డున, నేను ఒక ఒడ్డున. పాడేవాళ్లు ఎవరితో పోవాలో తెలియక నోళ్లు తెరుచుకుని ఆగిపోయారు.

“ఎస్తేరక్కా, నీకు ఎర్రదీపం పడింది,” అంది పక్కన నిలబడ్డ కరుణమ్మ. “రైలు పోయిందాకా గేటు కాడ ఆగు.”

“రైలు వచ్చిద్దిలే, ముందు నువ్వు పట్టాల మీంచి లెగు,” అంది ఎస్తేరమ్మ. అందరూ నవ్వారు. కానీ రెండోసారి ఎత్తుకున్నా అంతే, మూడోసారి ఎత్తుకున్నా అంతే. మూడోసారికి ఎవరూ నవ్వలేదు.

అయ్యగారు దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు. “అమ్మా, మనసులో పెట్టుకోవద్దు. వయసుతోపాటు గొంతు జారడం సహజం. మిషనుకి పక్షపాతం ఉండదు గదా.”

“జారిందా అయ్యగారూ? నాకు వినపడలా,” అంది ఆవిడ.

వచ్చే నెలలో గుడికి డెబ్బై అయిదేళ్ల పండగ. బిషప్పుగారు వస్తున్నారు. ఆ రోజు ఎస్తేరమ్మే ఎత్తుకుంటుందనీ, ఆ రోజు కూడా ఎర్రదీపాలే వస్తే ఇకనుంచి ఆ పాట షారోన్ అనే అమ్మాయి ఎత్తుకుంటుందనీ పెద్దలు తీర్మానించారు. షారోన్ నాతోపాటు చక్కగా పాడుతుంది. అంతా పచ్చదీపాలే.

బయటికి వస్తూ సాల్మన్ ఏదో సర్దిచెప్పబోయాడు. మెట్లమీద చెప్పులు తొడుక్కుంటూ ఎస్తేరమ్మ అంది.

“మా నాయన మీ నాయనకి ఇల్లిచ్చాడు. నాకు పాటిచ్చాడు. ఇల్లు మీరు అమ్ముకున్నారు, నేనేమన్నా అడిగానా? నా పాట నాకుండనీరా అల్లుడూ.”

ఆవిడ ఆ తరవాత ప్రాక్టీసుకి రావడం మానేసింది.

ఇప్పుడు మీ పెన్సిలు రాత దగ్గరికి వద్దాం.

ఒకరోజు సాల్మన్ కొట్లో కూర్చుని నా మీద ఆ పాట వాయించుకుంటుంటే, పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించే కోటిలింగం ఫోను అద్దం మార్పించుకోవడానికి వచ్చాడు. పద్యం పాడేవాడికన్నా తనకే ఎక్కువ వన్స్‌మోర్లు వస్తాయని చెప్పుకునే మనిషి. చెవి ఒగ్గి విన్నాడు.

“బాగుందయ్యా. మూడు శ్రుతిలో నిండుగా ఉంది.”

“మూడు కాదు బాబాయ్, నాలుగు. ఇదుగో, తెరమీద నాలుగని రాసుంది.”

“తెరమీద నా ఫొటో ఏస్తే నేను హీరోనయిపోతానా? అది మూడు.”

“నాలుగు.”

“నాయనా, నేను అద్దం పగిలిన ఫోనుతో వచ్చాను, చెవులు పగిలి రాలా. మూడు.”

వాళ్లిద్దరూ నా మెట్లు ఒక్కొక్కటే నొక్కుకుంటూ ఎక్కారు. అప్పుడు బయటపడింది. మన హార్మోనియం వాళ్ల లెక్కలో తెల్లమెట్లకే నిండు అంకెలు. మొదటిది ఒకటి, దాని పక్క తెల్లమెట్టు రెండు, ఆ తరవాతది మూడు. మధ్యలో నల్లమెట్టు వస్తే దానికి అర. నన్ను పుట్టించిన శేషసాయికి ఈ మర్యాదలేవీ తెలియవు. తెలుపనీ నలుపనీ చూడకుండా వరసగా మెట్లెక్కి లెక్కపెట్టుకుంటూ పోయాడు. ఒకటి దగ్గర బయల్దేరి నాలుగు మెట్లు ఎక్కితే ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు. అంటే నా నాలుగు వాళ్లకి మూడు. వాళ్ల నాలుగు కావాలంటే నాకు అయిదు పెట్టాలి.

ఎస్తేరమ్మ ఆ రోజు పాడింది నాలుగు శ్రుతిలోనే, ముల్లు గుచ్చినట్టు అక్కడే. నేను మూడులో కూర్చుని ఆవిడ స్వరాలన్నిటికీ ఎర్రదీపం చూపించాను. ఆవిడ గాంధారమూ నిషాదమూ మాత్రం పొరపాటున నా రాగంలో ఇమిడాయి గనక పచ్చ వెలిగించాను. అంటే, గడప దగ్గర కాపలా ఉన్నానన్న నేను, ఇంటావిడనే బయటికి నెట్టి తలుపేశాను. అపస్వరం బయటికి రాకపోవడమేమిటి, ఆ పూట గుడిలో పెద్ద అపస్వరం నేనే. రబ్బరు తీసుకుని చెరిపేసుకోండి, నాకేమీ సిగ్గులేదు.

సాల్మన్‌కి మాత్రం సిగ్గుగా ఉంది. “ఇంతకాలం చెప్పవేందిరా నువ్వు?” అని నా తెరవంక చూసి తిట్టాడు. నన్నెవరడిగారు? అయ్యగారికి చెబుదామని రెండుసార్లు గుడిదాకా వెళ్లి, పండగ రంగులు బాగున్నాయని చెప్పి తిరిగొచ్చాడు. చివరికి ఒక ఉపాయం తోచింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా పండగనాడు అయిదు నొక్కేస్తే సరి. అత్త తన నాలుగులో ఎత్తుకుంటుంది, గోడంతా పచ్చగా వెలుగుతుంది, తన తప్పు ఎవరికీ తెలియకుండా నేలలో కలిసిపోతుంది. అలా అనుకున్నాక సాల్మన్‌కి ఆకలి కూడా వేసింది.

అయితే అవతల ఇంకొకటి జరుగుతోంది. ఇది నాకు తరవాత తెలిసింది. మొదట్లో సాల్మన్ నా వాయింపుని రికార్డు చేసి క్వయరు వాళ్ల, అంటే గుడిలో పాడేవాళ్ల, వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మూడు శ్రుతిలోది. ఎస్తేరమ్మ కోడలు వినీల కూడా ఆ గ్రూపులో ఉంది. మధ్యాహ్నం వంటయ్యాక ఎస్తేరమ్మ ఆ ఫోను బియ్యం డబ్బామీద నిలబెట్టి, చిక్కుళ్లు ఒలుచుకుంటూ నాతోపాటు పాడటం మొదలుపెట్టింది. పాడిన ప్రతిసారీ గొంతు నాలుగుకే పోయేది. మళ్లీ మూడుకి లాక్కునేది. నాలుగుని మరిచిపోవడమంటే ఆవిడకి పుట్టింటి దారి మరిచిపోవడమే.

“ఎందుకత్తయ్యా ఈ యాతన? మీరు పాడేది బానే ఉంటది గదా,” అంది వినీల.

“బాగుంటే సరిపోదే. పచ్చగా ఉండాలంట,” అంది ఎస్తేరమ్మ.

పండగ నాటికి మూడు ఆవిడ గొంతులో కుదురుకుంది. ఒలిచిన చిక్కుళ్లతో ఊరంతటికీ కూర వండొచ్చని వినీల అనేది.

చూశారా? అత్త కిందికి దిగింది, అల్లుడు పైకెక్కాడు. ఒకరికొకరు చెప్పుకోలేదు.

పండగ ఉదయం గుడి చాలక బయట పందిరి వేశారు. బిషప్పుగారు ముందు వరసలో కూర్చున్నారు. నా దీపం పడటానికి ఒక కొత్త తెల్లగుడ్డ కట్టారు, పెళ్లిపందిరికి కూడా అంత గుడ్డ పట్టదు. సాల్మన్ అయిదు నొక్కి, ఎస్తేరమ్మకేసి చూసి, అంతా నేను చూసుకున్నానన్నట్టు తలూపాడు. ఆవిడ కూడా అదే మాదిరిగా తలూపింది. ఇద్దరూ ధైర్యంగా ఉన్నారు.

ఎస్తేరమ్మ ఎత్తుకుంది. “వెలుగు…” మొదటి స్వరం పచ్చ. సాల్మన్ ఊపిరి వదిలాడు. పాపం, ఆవిడ మూడులో పాడిన షడ్జమం వాళ్ల నాలుగులో ఉన్న నాకు నిషాదమై కూర్చుంది, అందుకని పచ్చ. రెండో స్వరానికి ఎర్రదీపం. మూడోదానికి ఎర్రదీపం. తెల్లగుడ్డ మీద ఎరుపు పడి బిషప్పుగారి గడ్డం కుంకుమ పూసినట్టయింది.

చరణం అయింది, కీబోర్డు అందుకోవాలి. సాల్మన్ నాలుగులో మొదలుపెట్టాడు. అది వినగానే ఎస్తేరమ్మ, గొంతు మళ్లీ జారిందనుకుని గబుక్కున నాలుగుకి ఎక్కింది. సరిగ్గా అదే క్షణాన సాల్మన్‌కి వెలిగింది, అత్త మూడుకి దిగిందని. టక్కున ఒక మెట్టు తగ్గించి మూడుకి దిగాడు. ఇప్పుడు ఆవిడ పైన, వీడు కింద. ఆవిడ దిగింది, వీడు ఎక్కాడు. ఇరుకు సందులో ఎదురుపడ్డ ఇద్దరు తప్పుకోబోయి ఇద్దరూ ఒకే పక్కకి జరుగుతుంటారే, అట్లా. గుడ్డమీద ఎరుపు తప్ప మరేమీ లేదు. కరుణమ్మ పైటచెంగు నోట్లో కుక్కుకుంది. అయ్యగారు లేచి నిలబడ్డాడు. షారోన్ మైకు వైపు ఒక అడుగు వేసి, వెయ్యాలో వద్దో తెలియక ఆగింది.

ఎస్తేరమ్మ పాట ఆపేసింది. మైకు ముందే నిలబడి అంది.

“ఒరే సాల్మనూ, కాసేపు ఒకచోట కుదురుగా ఉండరా. నీ కోసం కిందికొస్తే పైనుంటావు, పైకొస్తే కిందుంటావు.”

“నీ కోసమే పైకెళ్లా అత్తా.”

“నిన్నెవరెళ్లమన్నారు?”

సాల్మన్ లేచి నిలబడ్డాడు. వాడి ముందు కూడా మైకు ఉంది, అది పనిచేస్తూనే ఉంది. “నీది నాలుగే అత్తా. మొదట్నించీ నాలుగే. నేను నాలుగనుకుని మూడు పెట్టా. తప్పు నీ గొంతుది కాదు, నాది.”

ఎస్తేరమ్మ వాడివంక చూసింది. ఆ చూపుకి నేనైతే లాప్‌టాప్‌తో సహా కరిగిపోవాలి.

“అయితే ఈ నెల్లాళ్లూ నేను నాలుగుని మరిచిపోవడానికి ఎందుకు చచ్చినట్టు?”

“నాకేం తెలుసు అత్తా, నువ్వు మరిచిపోతున్నావని?”

“ఆ చిక్కుళ్లన్నీ ఎవరు తింటార్రా?”

ముందు వినీల నవ్వింది. తరవాత కరుణమ్మ చెంగు తీసేసి నవ్వింది. ఆ వెనక పందిరంతా నవ్వింది, బిషప్పుగారితో సహా. అయ్యగారు ఎర్రబడ్డ మొహంతో వచ్చి ఆవిడ ముందు చేతులు కట్టుకున్నాడు.

“అమ్మా, మీరే ఎత్తుకోండి. ఈ రోజే కాదు.”

“ఎత్తుకుంటా అయ్యగారూ. ఆ గుడ్డమీద దీపమో?”

సాల్మన్ మారుమాట లేకుండా నా మూత వేసేశాడు. ప్రొజెక్టరు ఆరింది, కీబోర్డుకి గొంతు పోయింది.

అప్పుడు ఎస్తేరమ్మ ఎత్తుకుంది. మూడు కాదు, నాలుగు కాదు. మూడున్నర. హార్మోనియంలో మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టే లేదు, రెండు తెల్లమెట్లూ భుజం భుజం ఆనించుకుని ఉంటాయి. అంటే మూడున్నర అనే శ్రుతి ఏ పెట్టెలోనూ పుట్టలేదు. ఆవిడ గొంతు ఆ రెంటి మధ్య సందులోకి దూరి కాళ్లు చాపుకుని కూర్చుంది. షారోన్ మొదట అందుకుంది, తరవాత కరుణమ్మ, ఆ తరవాత సంఘం. సాల్మన్ చేతులు ఖాళీగా పెట్టుకుని, జీవితంలో మొదటిసారి ఏ మెట్టూ నొక్కకుండా పాడాడు. పందిరి గుంజలు కూడా మూడున్నరలో ఊగాయి.

ఆ తరవాత సంగతులంటారా, ఎస్తేరమ్మే ఇప్పటికీ ఎత్తుకుంటోంది. సాల్మన్ రాగం దాటనివ్వని నా కాపలా తీసేసి, ప్రతి మెట్టునీ దాని మానాన పలకనిస్తున్నాడు. ఆవిడ చరణం పాడుతుంటే చెవి పెట్టి, సన్నగా ఒక్కొక్క మెట్టూ నొక్కి వెతుక్కుంటాడు. వెతుక్కునేటప్పుడు నాలోంచి బోలెడు అపస్వరాలు పడతాయి. “పైనరా,” అంటుంది కరుణమ్మ. “ఇంకొంచెం పైన.” దొరికినప్పుడు వాడి మొహం చూడాలి. నా పచ్చదీపం ఎన్నడూ అంత వెలగలేదు.

ఒక్క మాట ఒప్పుకుని సెలవు తీసుకుంటాను. ఆ మూడున్నర నేను కల్పించింది. సాల్మన్ మూత వేశాడని చెప్పాను గదా, మూత పడ్డాక నాకు చెవులుండవు. తరవాత పందిట్లో ఉన్నవాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను, ఎస్తేరమ్మ ఏడ్చిందన్నారు, బిషప్పుగారు లేచి పాడారన్నారు. ఆ రోజు ఆవిడ ఏ శ్రుతిలో పాడిందో మాత్రం ఒక్కరూ చూసుకోలేదు.